నోటి క్యాన్సరు – రక్షక కణాల సాక్ష్యం

ఇద్దరు మనుష్యులకు నాలుక అంచున పుండు పుట్టినదనుకొందాం. ఇద్దరిదీ ఒకే వయస్సు. రెండు పుండ్లూ రెండేసి సెంటీమీటర్లే. రెండూ క్యాన్సరు పుండ్లే. ఇద్దరికీ ఒకే విధమైన శస్త్రచికిత్స జరిగినది. ఐదేండ్లు గడిచేసరికి ఒకరు తమ పనిపాటలు చేసుకొంటూ హాయిగా ఉన్నారు. రెండవవారికి మాత్రం ఏడాది తిరగకముందే మెడలో గడ్డలు లేచి వ్యాధి తిరుగబెట్టినది. కొలతలలో లేని తేడా ఫలితంలో ఎందుకు వచ్చినది?

ఇటువంటి సంఘటనలు క్యాన్సరు ఆసుపత్రులలో వైద్యులకు తరచు ఎదురవుతూనే ఉంటాయి. మన దేశంలో ఈ ప్రశ్నకు ప్రాముఖ్యం ఎక్కువ. 2022వ సంవత్సరంలో భారతదేశంలో పెదవి, నోటి క్యాన్సరు కొత్తగా బయటపడినవారు సుమారు 1,43,000 మంది అని అంతర్జాతీయ అంచనాలు చెప్పుచున్నవి. వీరిలో ఎవరికి వ్యాధి తిరుగబెడుతుందో ముందుగా తెలిస్తే వారికి గట్టి చికిత్స చేయవచ్చును. తిరుగబెట్టదని తెలిసినవారికి అనవసరపు బాధ తప్పించవచ్చును. అలా ముందుగా తెలుసుకోవడానికి వైద్యులు మొదట పుండును మాత్రమే పరీక్షించేవారు. పుండు చుట్టూ మూగిన శరీర రక్షక కణాలను కూడా పరీక్షించాలని గుర్తించడానికి నూరేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్రే ఈ వ్యాసానికి విషయం.

పుండును కొలిచే పద్ధతి

ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు పియెర్ డెన్వా 1943 – 1952 సంవత్సరాల మధ్య క్యాన్సరును దశలుగా విభజించే ఒక పద్ధతిని రూపొందించాడు. దానికి టి.ఎన్.ఎం. పద్ధతి అని పేరు. ‘టి’ అనేది పుట్టిన చోట గడ్డ ఎంత పెరిగినదో తెలుపుతుంది. ‘ఎన్’ అనేది సమీపంలోని లసికా గ్రంథులకు, అనగా మన వాడుకలో బిళ్ళలకు, వ్యాధి ప్రాకినదా అన్న సంగతిని తెలుపుతుంది. ‘ఎం’ అనేది దూరపు అవయవాలకు చేరినదా లేదా అన్నది తెలుపుతుంది. అంతర్జాతీయ క్యాన్సరు నిరోధక సంఘం 1968లో ఈ పద్ధతిని చిన్న పుస్తకంగా ప్రకటించినది. ప్రపంచంలోని వైద్యులందరికీ ఇది ఒక ఉమ్మడి భాష అయినది. 2017లో వెలువడిన ఎనిమిదవ కూర్పులో నోటి క్యాన్సరుకు మరొక కొలత చేరినది: పుండు ఎంత వెడల్పున్నదో చూస్తే చాలదు, ఎంత లోతుకు దిగినదో కూడా చూడాలి.

ఈ పద్ధతి వలన ఎంతో మేలు జరిగినది. అయితే ఇందులోని అంశాలన్నీ శత్రువును గురించినవే. కోట ముట్టడిలో శత్రుసేన ఎంత, ఎంతవరకు వచ్చినది అని లెక్కించి, కోటలోని సైన్యం సంగతి అడగకుండా యుద్ధ ఫలితం చెప్పబోవడం వంటిది ఇది.

నీలిరంగు చుక్కలు

కోటలోని సైన్యం ఎవరికీ కనిపించలేదని కాదు. జర్మనీలో రుడాల్ఫ్ విర్చో అనే సుప్రసిద్ధ రోగశాస్త్రజ్ఞుడు 1863లోనే క్యాన్సరు గడ్డలలో తెల్ల రక్తకణాలు ఉండడం గమనించాడు. కాని ఆయన దృష్టిలో అవి వాపుకు గుర్తులు. దీర్ఘకాలపు వాపు వల్లనే క్యాన్సరు పుడుతుందని ఆయన అభిప్రాయం.

సుమారు అదే కాలంలో కణాలకు రంగులు వేసే విద్య వృద్ధి పొందినది. మధ్య అమెరికాలో పెరిగే ఒక చెట్టు చేవ నుంచి తీసిన హిమటాక్సిలిన్ అనే రంగు కణకేంద్రాలను నీలంగా చేస్తుంది. ఇయోసిన్ అనే రంగు మిగిలిన భాగాన్ని గులాబీ వన్నెలో చూపుతుంది. ఈ రెండు రంగుల జత నేటికీ ప్రతి ఆసుపత్రిలోను వాడుకలో ఉన్నది. ఈ రంగులు వేసి చూచినప్పుడు లింఫోసైట్లు అనే చిన్న తెల్లకణాలు చిక్కని నీలిరంగు చుక్కల వలె కనిపిస్తాయి. కొన్ని గడ్డల చుట్టూ అవి చీమల బారు వలె మూగి ఉంటాయి. కొన్నింటి చుట్టూ ఒకటి అరా తప్ప ఉండవు.

ఈ తేడాకు అర్థమున్నదా అని అడిగినవారు కొందరున్నారు. అమెరికాలో రాకఫెల్లర్ సంస్థకు చెందిన జేమ్స్ మర్ఫీ 1910 ప్రాంతాల నుంచి కోడిపిల్లల పిండాల మీద, ఎలుకల మీద ప్రయోగాలు చేసి, గడ్డలను అడ్డుకొనేది లింఫోసైట్లే అని వాదించాడు. మేయో క్లినిక్‌లో విలియం మెకార్టీ 1922లో ఒక ముఖ్యమైన పరిశీలన ప్రకటించాడు. శస్త్రచికిత్సలో తీసిన గడ్డలను, ఆ రోగులు తరువాత బ్రతికిన కాలాన్ని ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే, లింఫోసైట్లు ఎక్కువగా చేరిన గడ్డలు గలవారు ఎక్కువ కాలం జీవించినట్లు కనబడినది.

ఇంత స్పష్టమైన పరిశీలన అప్పుడు ఎందుకు నిలబడలేదు? లింఫోసైటు చేసే పని ఏమిటో ఆనాడు ఎవరికీ తెలియదు. పనే తెలియని కణం రోగిని కాపాడినదంటే నమ్మడం కష్టం. 1950వ దశాబ్ది చివరి సంవత్సరాలలో ఆక్స్‌ఫర్డులో జేమ్స్ గోవన్స్ చేసిన ప్రయోగాల వల్ల లింఫోసైట్లు రక్తం నుంచి లసికలోనికి, లసిక నుంచి రక్తంలోనికి నిరంతరం తిరుగుతూ ఉంటాయనీ, రోగనిరోధక శక్తికి అవే మూలమనీ తేలినది. 1961లో జాక్ మిల్లర్ అనే శాస్త్రజ్ఞుడు, అంతవరకు నిరుపయోగమని భావించిన థైమస్ గ్రంథి ఈ కణాలలో ఒక తెగకు శిక్షణ శాల అని నిరూపించాడు. థైమస్ పేరు మీదనే వాటిని టి-కణాలు అంటారు.

సందేహాల కాలం

ఈలోగా ఒక గొప్ప ఊహ రూపొందినది. మన శరీరంలో క్యాన్సరు కణాలు అప్పుడప్పుడు పుట్టుతూనే ఉంటాయనీ, రక్షక వ్యవస్థ వాటిని మొగ్గలోనే త్రుంచివేస్తుందనీ పాల్ ఎర్లిక్ 1909లోనే సూచించాడు. మాక్‌ఫర్లేన్ బర్నెట్, లూయీ థామస్ 1950వ దశాబ్దిలో ఆ ఊహను పెంచి, ‘నిరోధక పహరా’ అనదగిన సిద్ధాంతంగా తీర్చారు.

అయితే సిద్ధాంతం అందంగా ఉన్నంత మాత్రాన నిజం కాదు. 1974లో ఓసియాస్ స్టట్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు, థైమస్ లేకుండా పుట్టే వెంట్రుకలు లేని ఎలుకలకు క్యాన్సరు కలిగించే రసాయనం ఇచ్చి చూచాడు. వాటికి మామూలు ఎలుకలకంటె ఎక్కువ గడ్డలు రాలేదు. దీనితో పహరా సిద్ధాంతం చాలామంది దృష్టిలో కొట్టుపడిపోయినది. ఆ ఎలుకలలో టి-కణాలు బొత్తిగా లేకపోలేదనీ, ఇతర రక్షక కణాలు కూడా ఉన్నాయనీ తరువాత తెలిసినది. 2001లో రాబర్ట్ ష్రైబర్ బృందం లింఫోసైట్లు పూర్తిగా లేని ఎలుకలను తయారుచేసి, అదే విధమైన ప్రయోగం జరిపినప్పుడు వాటికి గడ్డలు ఎక్కువగా వచ్చినవి. పహరా ఉన్నదని తేలినది. అది కొన్ని సమయాలలో ఓడిపోతుందని కూడా తేలినది.

మనుష్యులలో కూడా దీనికి సాక్ష్యం ఉన్నది. మూత్రపిండం మార్పిడి చేయించుకొన్నవారు, కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా, రోగనిరోధక శక్తిని అణచే మందులు ఏండ్ల తరబడి వాడుతారు. వారికి పెదవి క్యాన్సరు వచ్చే అవకాశం ఇతరులకంటె చాలా ఎక్కువ.

కణాలను గుర్తుపట్టే సాధనం

రెండు రంగుల పద్ధతిలో లింఫోసైట్లన్నీ ఒకే విధంగా కనిపిస్తాయి. కాని వాటిలో జాతులు అనేకం. ఒకే రకం యూనిఫారం వేసుకొన్న గుంపులో సైనికుడెవరో, వంటవాడెవరో దూరం నుంచి తెలియనట్లే, నీలిచుక్కలలో ఏది ఏ పని చేస్తుందో తెలియదు.

ఈ చిక్కు 1975లో విడిపోయినది. కేంబ్రిడ్జిలో జార్జి కోలర్, సీజర్ మిల్‌స్టీన్ ఒకే రకపు ప్రతిరక్షకాన్ని కావలసినంత తయారుచేసే మార్గం కనిపెట్టారు. దీనికి వారికి 1984లో నోబెల్ బహుమతి లభించినది. ఒక్కొక్క ప్రతిరక్షకం కణం పైనున్న ఒక్కొక్క పదార్థానికే అంటుకొంటుంది. దానికి రంగు జోడిస్తే ఆ కణం ఒక్కటే రంగుతో కనిపిస్తుంది. కణాల పైనున్న ఈ గుర్తులకు సి.డి. సంఖ్యలు ఇచ్చారు. టి-కణాలన్నింటికీ ఉండే గుర్తు సి.డి.3. వాటిలో శత్రుకణాన్ని స్వయంగా చంపే కణాల గుర్తు సి.డి.8. ఇతర కణాలకు సహాయం చేసే కణాల గుర్తు సి.డి.4.

పారిస్ నగరంలో జెరోం గలాన్ బృందం 2006లో పెద్దప్రేవు క్యాన్సరు గడ్డలలో ఈ కణాలను గడ్డ నడుమ ఎన్ని ఉన్నాయి, అంచున ఎన్ని ఉన్నాయి అని విడివిడిగా లెక్కించినది. ఆ రోగులలో ఈ లెక్క, గడ్డ దశకంటె మెరుగుగా భవిష్యత్తును సూచించినది. 1922లో మెకార్టీ చూచినది 84 ఏండ్ల తరువాత సంఖ్యల రూపంలో నిలిచినది. ఇటువంటి లెక్కలకే జీవసూచికలు అని పేరు.

నోటి పుండ్లు చెప్పిన సంగతులు

నోటి క్యాన్సరులో కథ ఇంత సులభంగా నడవలేదు. అందులోనే నేర్చుకోవలసినది ఎక్కువ ఉన్నది.

మొదటి పాఠం 1998లో వచ్చినది. అమెరికాలోని పిట్స్‌బర్గులో టోర్‌స్టెన్ రైకర్ట్, తెరెసా వైట్‌సైడ్ మొదలైనవారు నోటి క్యాన్సరు గడ్డలలోని టి-కణాలను పరీక్షించారు. శత్రువును గుర్తించిన వార్తను కణం లోపలికి చేరవేసే భాగాలలో ‘జీటా గొలుసు’ ఒకటి. ముదిరిన వ్యాధి గలవారిలో, ఈ గొలుసు లోపించిన టి-కణాలు గలవారు త్వరగా మరణించినట్లు తేలినది. గుమ్మం దగ్గర మీట నొక్కినా తీగె తెగి ఉంటే లోపల గంట మ్రోగదు కదా! అదే విధంగా కావలివాడు ఉన్నాడు గాని కదలలేడు. కాబట్టి కణాల సంఖ్యతో పాటు వాటి స్థితి కూడా చూడాలి.

రెండవ పాఠం 2005లో వచ్చినది. మార్గరెట్ బ్రాండ్‌వైన్-గెన్స్‌లర్, ఆమె సహచరులు నోటి క్యాన్సరును మామూలు రెండు రంగుల పలకలపైనే పరీక్షించి మూడు అంశాలకు మార్కులు వేశారు. క్యాన్సరు అంచు కణజాలంలోనికి ఏ తీరున చొచ్చుకొనిపోతున్నది? నరాలను పట్టుకొన్నదా? అంచు పొడుగునా లింఫోసైట్లు దట్టంగా కట్టగట్టి నిలిచినవా, పలుచగా ఉన్నవా, లేనే లేవా? ఈ మూడవ అంశంలో రక్షణ ఎంత బలహీనంగా ఉంటే అన్ని ఎక్కువ మార్కులు, అనగా అంత ఎక్కువ అపాయం. ఖరీదైన యంత్రం అవసరం లేని పద్ధతి ఇది. జిల్లా ఆసుపత్రిలోని సూక్ష్మదర్శినితో కూడా చూడవచ్చును. అయితే ఒకే పలకను ఇద్దరు నిపుణులు చూచి రెండు రకాల మార్కులు వేయకుండా శిక్షణ అవసరం.

మూడవ పాఠం ఆశ్చర్యకరమైనది. రక్షక వ్యవస్థ హద్దు మీరి సొంత శరీరాన్నే గాయపరచకుండా అదుపు చేసే టి-కణాలు కొన్ని ఉన్నాయి. వీటిని 1995లో జపాను శాస్త్రజ్ఞుడు షిమోన్ సకగుచి వెల్లడించాడు. ఈ విషయమై కృషి చేసినందుకు ఆయనకు, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు 2025లో నోబెల్ బహుమతి వచ్చినది. అదుపు చేసే కణాలు ఎక్కువైతే పోరాటం చల్లబడి రోగికి కీడు కలగాలని మనం ఊహిస్తాం. అనేక క్యాన్సర్లలో అలాగే జరిగినది. కాని 2006లో ఫ్రాన్సులో సెసిల్ బదువల్ బృందం తల, మెడ క్యాన్సర్లను పరీక్షిస్తే, ఈ కణాలు ఎక్కువగా గలవారిలోనే వ్యాధి బాగా అదుపులో ఉన్నట్లు కనిపించినది. పోరాటం ముమ్మరంగా సాగే చోటికే అదుపు చేసేవారు కూడా ఎక్కువగా వస్తారు కనుక ఇలా జరిగి ఉండవచ్చును. ఒక అవయవంలో నేర్చిన నియమాన్ని మరొక అవయవానికి పరీక్షించకుండా అన్వయించరాదని దీనివల్ల తెలుస్తున్నది.

ఇక రక్తంలోని సూచిక ఒకటి. మామూలు రక్తపరీక్షలో న్యూట్రోఫిల్ కణాల సంఖ్యను లింఫోసైట్ల సంఖ్యతో భాగించాలి. నూరు తెల్లకణాలలో మొదటివి 60, రెండవవి 30 అయితే నిష్పత్తి 2. మొదటివి 80, రెండవవి 16 అయితే నిష్పత్తి 5. నోటి క్యాన్సరులో ఈ నిష్పత్తి ఎక్కువగా ఉన్నవారి గతి అంత బాగుండదని చాలా పరిశీలనలు తెలిపినవి. దీనికి అదనపు ఖర్చు లేదు. కాని చిగుళ్ళలో చీము ఉన్నా, ఒంట్లో మరెక్కడైనా సూక్ష్మజీవుల బాధ ఉన్నా ఈ నిష్పత్తి పెరుగుతుంది. కనుక దీనిని ఒక్కదానిని నమ్ముకొని తీర్పు చెప్పరాదు.

బ్రేకు, దాని కొలత

1992లో జపానులోని క్యోటో నగరంలో తసుకు హోంజో ప్రయోగశాలలో టి-కణాలపై పి.డి.-1 అనే పదార్థం బయటపడినది. అది బ్రేకు వంటిదని తరువాత తెలిసినది. క్యాన్సరు కణాలు తమ పైన పి.డి.-ఎల్.1 అనే పదార్థాన్ని పెంచుకొని, దానితో ఆ బ్రేకును నొక్కుతాయి. చంపడానికి వచ్చిన టి-కణం ఆగిపోతుంది. ఈ నొక్కుడును అడ్డుకొనే మందులు తయారైనవి. ఇటువంటి మరొక బ్రేకుపై కృషి చేసిన జేమ్స్ ఆలిసన్‌తో కలిసి హోంజో 2018లో నోబెల్ బహుమతి పొందాడు.

అప్పుడు సూచికకు కొత్త పని వచ్చినది. వ్యాధి ఎలా నడుస్తుందో చెప్పే సూచిక ఒక రకం. ఏ మందు ఎవరికి పనిచేస్తుందో చెప్పే సూచిక మరొక రకం. మొదటిది వాన వస్తుందని చెప్పడం వంటిది. రెండవది ఆ వానకు ఏ పంట వేయాలో చెప్పడం వంటిది. పలకపై పి.డి.-ఎల్.1 రంగు పట్టిన క్యాన్సరు కణాలు, లింఫోసైట్లు, మాక్రోఫేజ్ అనే భక్షక కణాలు అన్నీ కలిపి లెక్కించి, మొత్తం సజీవ క్యాన్సరు కణాల సంఖ్యతో భాగించి, నూరుతో గుణిస్తారు. 500 క్యాన్సరు కణాలకు 100 రంగు కణాలుంటే లెక్క 20.

తిరుగబెట్టిన లేక దూరం ప్రాకిన తల, మెడ క్యాన్సర్లు గల 882 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2019లో వెలువడినవి. ఈ లెక్క 20 లేక అంతకు మించినవారిలో పెంబ్రోలిజుమాబ్ అనే బ్రేకు మందు పొందినవారి మధ్యస్థ జీవితకాలం 14.9 నెలలు, పాత మందులు పొందినవారిది 10.7 నెలలు. ఇది మేలే. కాని అంత లెక్క ఉన్నవారిలో కూడా ఈ ఒక్క మందుతో గడ్డ చెప్పుకోదగినంత తగ్గినవారు నూటికి సుమారు 23 మంది మాత్రమే. లెక్క మంచిదైనా మందు అందరికీ పనిచేయదు. 2025 జూన్‌లో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ ఇదే మందును, శస్త్రచికిత్సకు వీలైన ముదిరిన వ్యాధిలో శస్త్రచికిత్సకు ముందు, తరువాత కూడా వాడడానికి అనుమతించినది. ఆ అనుమతి కూడా లెక్క కనీసం 1 ఉన్నవారికే.

మన దేశంలో మిగిలిన పని

ఈ మందుల ధర సామాన్యునికి అందుబాటులో లేదు. బొంబాయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు, తక్కువ మోతాదు చాలదా అని ప్రశ్నించి పరీక్షించారు. తిరుగబెట్టిన లేక బాగా ముదిరిన తల, మెడ క్యాన్సరు గల 151 మందిలో కొందరికి మామూలు మాత్రల చికిత్స ఇచ్చారు. కొందరికి దానితోపాటు నివోలుమాబ్ అనే బ్రేకు మందును మూడు వారాలకొకసారి 20 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చారు. ఇతర దేశాలలో ఒకసారికి ఇచ్చే మోతాదు 240 మిల్లీగ్రాములు. ఒక ఏడాది బ్రతికినవారు మొదటి గుంపులో నూటికి 16.3, రెండవ గుంపులో 43.4. ఈ ఫలితాలు 2023లో ప్రకటితమైనవి. పన్నెండవ వంతు మోతాదు కూడా వృథా కాలేదు. ఆ కొద్ది మందు ఎవరికి తప్పక ఇవ్వాలో చెప్పే నమ్మకమైన సూచిక దొరికితే మేలు ఇంకా పెరుగుతుంది.

శస్త్రచికిత్సలో కూడా ఇటువంటి అవసరమే ఉన్నది. మెడలో గడ్డలు కనిపించని నోటి క్యాన్సరు రోగులకు ముందుగానే మెడలోని బిళ్ళలు తీసివేయాలా, లేక గడ్డ లేచినప్పుడు తీయాలా? ఇదే ఆసుపత్రిలో అనిల్ డిక్రూజ్ బృందం 2015లో జవాబు చెప్పినది. ముందుగా తీసినవారిలో మూడేండ్లు బ్రతికినవారు నూటికి 80. తరువాత తీసినవారిలో 67.5. కాబట్టి అందరికీ ముందుగా తీయడమే మంచిది. అయితే అలా తీసినవారిలో బిళ్ళలకు వ్యాధి నిజంగా ప్రాకినది నూటికి సుమారు 30 మందికే. మిగిలిన 70 మందిని ముందుగా గుర్తించగలిగితే వారికి ఆ కోత తప్పుతుంది. అయితే టి.ఎన్.ఎం. ఎనిమిదవ కూర్పులో నోటి క్యాన్సరు దశను నిర్ణయించడానికి నిరోధక సూచిక ఒక్కటి కూడా చేరలేదు. ఇంకా ఎక్కువమందిపై, వేరువేరు దేశాలలో పరీక్ష జరగాలి.

వేరువేరు దేశాలలో అనడానికి కారణం ఉన్నది. పాశ్చాత్య దేశాల పరిశీలనలలో నాలుక క్యాన్సర్లు ఎక్కువ. మన దేశంలో పొగాకు నమిలేవారికి బుగ్గ, చిగుళ్ళ సందున వచ్చే క్యాన్సరు ఎక్కువ. ఉత్తర కోస్తా ఆంధ్రలో మరొక రకం ఉన్నది. అక్కడ ముఖ్యంగా స్త్రీలు చుట్టను నిప్పున్న కొస నోటిలోనికి పెట్టి కాల్చే అలవాటు ఉండేది. దీనినే అడ్డపొగ అంటారు. టాటా ప్రాథమిక పరిశోధన సంస్థకు చెందిన ఫాలీ మెహతా, డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యెన్స్ పిండ్‌బోర్గ్ మొదలైనవారు 1969లో శ్రీకాకుళంతో సహా ఐదు జిల్లాలలో 50,915 మంది గ్రామీణుల నోళ్ళు పరీక్షించిన ఫలితాలు ప్రకటించారు. 1971లో ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మందిని పరీక్షించి, అడ్డపొగకు అంగిలిలో పుట్టే మార్పులకు గల సంబంధాన్ని వివరంగా చూపారు. నిప్పు వేడిమికి, పొగకు ఏండ్ల తరబడి గురి అయిన అంగిలిలోను, పొగాకు ముద్ద నానిన బుగ్గలోను రక్షక కణాలు ఒకే విధంగా ప్రవర్తిస్తాయని ముందే అనుకోరాదు. మన రోగుల పలకలపై, మన ప్రయోగశాలలలోనే ఈ లెక్క సరిచూడాలి. నేడు పాఠశాలలో జీవశాస్త్రం చదువుతున్న విద్యార్థులకు ఇక్కడ చేయవలసిన పని ఎంతో ఉన్నది.

ఆ పని పూర్తి అయ్యేవరకు చేతిలో ఉన్న సాధనాలను మరువరాదు. ఇతర అవయవాలవలె కాక, నోరు అద్దంలో కనిపించే అవయవం. కేరళలోని తిరువనంతపురం జిల్లాలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి వెళ్ళి కంటితోనే నోళ్ళు పరీక్షించగా, పొగాకు లేక మద్యం వాడేవారిలో నోటి క్యాన్సరు మరణాలు నూటికి 34 వంతులు తగ్గినట్లు 2005లో రంగస్వామి శంకరనారాయణన్ బృందం ప్రకటించినది. నోటిలో రెండు వారాలు దాటినా మానని పుండు, తుడిచినా పోని తెల్లని లేక ఎర్రని మచ్చ కనబడితే వెంటనే వైద్యునికి చూపాలి. చుట్ట, బీడీ, గుట్కా, జర్దా మానాలి. ఉపాధ్యాయులు ఈ రెండు మాటలను తరగతిలో చెప్పి, వాటిని పిల్లల ద్వారా ప్రతి ఇంటికి చేర్చగలరు.